కొత్తమడుగు పెద్దల గోల్ఫు నియమాలు

కొత్తమడుగులో తెలివికి కరువు లేదు. ఈ మాట కొత్తమడుగు వాళ్ళే చెబుతారు, వేరేవాళ్ళెవరూ చెప్పగా నేను వినలేదు. ఊళ్ళో ఉన్న తెలివంతా ఒకచోట పోగుపడి చూడాలంటే మాత్రం మూతపడ్డ గోనెసంచుల మిల్లు వెనక్కి వెళ్ళాలి. అక్కడ తొమ్మిది గుంటల గోల్ఫు మైదానం ఉంది. మిల్లు నడిచిన రోజుల్లో అందులో దొరలు ఆడేవారు. దొరలు వెళ్ళిపోయారు, మిల్లు మూతపడింది, గుంటలు మిగిలాయి. ఆ గుంటల్ని ముగ్గురు పెద్దమనుషులు పట్టుకున్నారు. వాళ్ళే కొత్తమడుగు వయోవృద్ధుల గోల్ఫు సంఘం.

అధ్యక్షుడు కోదండపాణి. తాలూకా ఆఫీసులో ముప్ఫై ఆరేళ్ళు గుమాస్తాగా చేసి, ఒక్క కామా కూడా సొంతంగా పెట్టకుండా రిటైరైన మనిషి. రెండోవాడు తమ్మిరాజు, రైల్లో గార్డుగా చేశాడు. మూడోవాడు బుల్లబ్బాయి, ఆసుపత్రిలో కాంపౌండరు.

"గోల్ఫు అందరూ ఆడతారోయ్. నియమం ప్రకారం ఆడేది మనం ముగ్గురమే" అనేవాడు కోదండపాణి.

"ఆయ్, అందుకే కదండీ ఇంకెవరూ మనతో ఆడరు" అనేవాడు తమ్మిరాజు గర్వంగా.

నియమాలన్నీ గేటు పక్కన ఒక రేకు పలక మీద ఉన్నాయి. ఎప్పుడో ఒక పాత మేనేజరు రాయించి పెట్టాడు. వీళ్ళు రోజూ వచ్చి చెప్పులు విడిచి, ఆ పలకకి దణ్ణం పెట్టి, పైనుంచి కిందికి ఒకసారి గట్టిగా చదివి ఆట మొదలుపెట్టేవారు.

ఇలా ఉండగా మిల్లువాళ్ళకి ఆ స్థలంలో గోదాం కట్టాలని బుద్ధి పుట్టింది. కోదండపాణి వాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాడు. చివరికి వాళ్ళొక మాటన్నారు: "గోల్ఫు సమాఖ్య నుంచి ఒక పెద్దమనిషి వచ్చి చూస్తాడు. మీరు నియమం ప్రకారం ఆడుతున్నారని రాసిస్తే మైదానం మీది. లేదంటే గోదాం."

ఆ రాత్రి కోదండపాణికి అన్నం సహించలేదు. భార్య సుభద్రమ్మ, "ఏవిటండీ అంత దిగులు? అది పోతే పోయింది, ఇంట్లో కూర్చోండి" అంది.

"ఇంట్లో నన్నెవరే అధ్యక్షా అని పిలిచేది?" అన్నాడాయన. నిజం చెప్పాలంటే ఆయన బాధ అదే. రిటైరయ్యాక ఆయన సంతకం ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆ మైదానం ఒక్కటే ఆయన్ని పొద్దున్నే నిద్ర లేపుతోంది. అది పోతే ఆయన నిజంగానే ముసలాడైపోతాడు.

ఆదివారం ఎనిమిదింటికి సమాఖ్య నుంచి పురుషోత్తంగారు జీపు దిగారు. నిండైన మనిషి, వదులు లాల్చీ. ముగ్గురూ గేటు బయట దండ పట్టుకుని నిలబడ్డారు. దండ వేయించుకుని, గేటు దగ్గర నిలబడి, ఆయన మైదానం మొత్తం తేరిపార చూసి, "బాగుంది. కానివ్వండి మరి" అన్నారు.

"అలాగేనండి. తొమ్మిదిం పదికి మొదలుపెడతాం" అన్నాడు కోదండపాణి.

"ఎనిమిదైంది కదండీ, గంటా పది నిమిషాలు ఎందుకూ?"

కోదండపాణి పలక చూపించాడు. డెబ్బై అయిదేళ్ళు నిండినవారు ముందున్న ఎర్రరాయి దగ్గర నుంచి, నిండనివారు వెనకున్న తెల్లరాయి దగ్గర నుంచి కొట్టాలి అని రాసి ఉంది.

"మా బుల్లబ్బాయికి ఇవాళే నిండుతున్నాయండి. తొమ్మిదిం పదికి. ఇప్పుడు కొడితే తెల్లరాయి. కొట్టి నాలుగడుగులు వేసేసరికి ఎర్రరాయి. ఒకే ఆటలో రెండు రాళ్ళు ఎలా కుదురుతాయండీ?"

"నేనేం అనుకోనులెండి, కొట్టేయమనండి."

"మీరు అనుకోరు సార్, పలక ఊరుకోవద్దూ?"

పురుషోత్తంగారు కుర్చీలో కూర్చున్నారు. తొమ్మిదిం పదైంది. ఆయన లేచారు. బుల్లబ్బాయి మాత్రం లేవలేదు.

"మా నాన్నగారి గడియారం పావుగంట వెనక నడిచేదండి. జాతకం ఆ గడియారం చూసే రాయించారు" అన్నాడు.

ఇంకేముంది, ఇంకో పావుగంట కూర్చున్నారు. తొమ్మిదిం పాతికకి బుల్లబ్బాయికి డెబ్బై అయిదు నిండాయి. అందరూ చప్పట్లు కొట్టారు. పురుషోత్తంగారు కూడా కొట్టారు, కాకపోతే అది దోమని.

ఆట మొదలైంది. తమ్మిరాజు కొట్టిన మొదటి దెబ్బకే బంతి పోయి ఇసుక గుంటలో పడింది. దిగి, ఒక్క దెబ్బకి దాన్ని బయటికి కొట్టేశాడు. భేషుగ్గా కొట్టాడు, కాదనను. చిక్కల్లా ఆ తర్వాత వచ్చింది. ఇసుకలో దిగినవారు తమ అడుగుజాడలు చెరిపి రావాలని పలక మీద ఉంది.

తమ్మిరాజు ఇసుక చదును చేసే పళ్ళకర్ర తీసుకుని ముందున్న అడుగులు చెరిపాడు. ముందుకి నడిచాడు. వెనక్కి తిరిగి చూస్తే మళ్ళీ అడుగులు. ఇటు తిరిగి అవి చెరిపాడు, నడిచాడు. తిరిగి చూస్తే అటు అడుగులు. అలా ఆ ఇసుకలో నలభై నిమిషాలు తిరిగాడు.

"ఎవరోనండీ, నా వెనకాలే నడుస్తున్నాడు! తిరిగి చూస్తే కనపడడు!" అని అరిచాడు చివరికి, చెమటలు కక్కుతూ.

"కంగారుపడకు, నేనొచ్చి నిన్ను ఎత్తుకుంటా. నువ్వు నేల మీద లేకపోతే నీ అడుగులూ ఉండవు" అని కోదండపాణి దిగాడు. అంతే, ఇప్పుడు ఇసుకలో ఆయన అడుగులు కూడా ఉన్నాయి. వాళ్ళిద్దర్నీ ఎత్తుకుంటానని బుల్లబ్బాయి దిగాడు.

"అయ్యా, మీరు ముగ్గురూ ముందు గట్టెక్కండి. నేను చెరిపేస్తాను" అన్నారు పురుషోత్తంగారు.

"తమ అడుగుజాడలు అని ఉందండి. మావి మేమే చెరపాలి" అన్నాడు కోదండపాణి.

"సరే, గట్టు మీద కూర్చుని, చేయి చాచి మీరే చెరపండి."

ఆ మాటకి ముగ్గురూ ఆయన తెలివిని మెచ్చుకున్నారు. గట్టెక్కారు. అయితే ఏ అడుగు ఎవరిదో తెలియాలి కదా. ముగ్గురూ గేటు దగ్గరికి పోయి విడిచిన చెప్పులు తెచ్చి, గట్టు మీంచే వంగి ఒక్కొక్క అడుగు మీదా పెట్టి కొలవడం మొదలుపెట్టారు.

"ఇది నీదోయ్ బుల్లబ్బాయ్" అన్నాడు తమ్మిరాజు.

"నాది కాదు. నా బొటనవేలు అంత అన్యాయంగా ఉండదు."

"మరి నాదంటావా?"

"అది అన్నవాడివి నువ్వే!"

పదకొండైంది. ఇసుక గుంట అద్దంలా అయ్యింది. పురుషోత్తంగారి మొహం మాత్రం అలా లేదు.

తర్వాత బుల్లబ్బాయి కొట్టాడు. బంతి తంగేడు పొదల్లోకి పోయింది. "ఆటలో పోయినదాన్ని అయిదు నిమిషాలకు మించి వెతకరాదు. బదులు ఇంకొకటి తీసుకుని ఆడాలి" అని పలక మీది మాట ముగ్గురూ ఒకేసారి పైకి చెప్పుకుని, వెతకడానికి దిగారు. కోదండపాణి గడియారం పట్టుకున్నాడు. సరిగ్గా అయిదు నిమిషాలు కాగానే "ఆపండి!" అన్నాడు.

"అదిగోనండి బంతి, మీ కాలి దగ్గరే ఉంది" అన్నారు పురుషోత్తంగారు.

ముగ్గురూ గభాల్న మొహాలు తిప్పేసుకున్నారు. "చూపించకండి సార్! అది పోయింది! ఇప్పుడు చూస్తే దొరికేస్తుంది" అన్నాడు కోదండపాణి కళ్ళు గట్టిగా మూసుకుని.

కళ్ళు మూసుకునే పొదల్లోంచి బయటపడ్డారు. బయటికొచ్చి లెక్కపెట్టుకుంటే ఇద్దరే ఉన్నారు. బుల్లబ్బాయి పొదల్లోనే దారి తప్పాడు. పిలిచారు, వెతికారు. బుల్లబ్బాయికి చెవులు కొంచెం మందం. అయిదు నిమిషాలైంది. కోదండపాణి గడియారం జేబులో పెట్టేసి, కళ్ళు తుడుచుకున్నాడు.

"మంచివాడండి" అన్నాడు.

"చాలా మంచివాడు. ఇవాళే డెబ్బై అయిదు నిండాయి" అన్నాడు తమ్మిరాజు.

అప్పుడే బుల్లబ్బాయి పొదల్లోంచి వచ్చి, "ఒరేయ్, నేనిక్కడున్నా!" అన్నాడు.

"టైమైపోయిందోయ్. నువ్వు పోయావు" అన్నాడు కోదండపాణి బాధగా.

బుల్లబ్బాయి తన చేతి గడియారం చూశాడు. ఆరో నిమిషం నడుస్తోంది. న్యాయం తెలిసినవాడు కాబట్టి తల దించుకుని, దూరంగా పోయి నిలబడ్డాడు.

"బదులు ఇంకొకటి తీసుకోవాలి" అన్నాడు తమ్మిరాజు, పురుషోత్తంగారిని కిందికీ మీదికీ చూస్తూ.

"నేనా? నేను చూడటానికి వచ్చానయ్యా!"

"ఏమోయ్ బుల్లబ్బాయ్, ఆట మధ్యలో ఇదేం గొడవ? రా!" అని కోదండపాణి పురుషోత్తంగారి చేతికి కర్ర ఇచ్చేశాడు. దూరం నుంచి అసలు బుల్లబ్బాయి, "మోకాలు కొంచెం వంచి కొట్టండి, మనకి నడుం పట్టేస్తుంది" అని సలహా కూడా చెప్పాడు.

పురుషోత్తంగారు ఏమనుకున్నారో ఏమో, కొట్టారు. ఎలాగోలా నలుగురూ మొదటి గుంట దగ్గరికి చేరారు. ఇంక కోదండపాణి దెబ్బ ఒక్కటే మిగిలింది. ఈ దెబ్బ సరిగా పడితే మైదానం దక్కుతుంది. దేవుణ్ణి తలుచుకుని కొట్టాడు. బంతి గాల్లోకి లేచి, వచ్చి వచ్చి, పురుషోత్తంగారి లాల్చీ జేబులో పడింది.

"తీసిచ్చేస్తానుండండి" అని ఆయన జేబులో చేయి పెట్టబోయారు.

"ముట్టుకోకండి!" అని ముగ్గురూ ఒక్క అరుపు అరిచారు. పోయిన బుల్లబ్బాయి కూడా అరిచాడు.

"బంతి ఎక్కడ పడితే అక్కడి నుంచే కొట్టాలి. చేత్తో తాకరాదు. గుంటలో పడ్డాకే ఆ గుంట ఆట పూర్తి" అని అప్పజెప్పాడు కోదండపాణి. "తమరలా గుంట పక్కన పడుకోండి సార్. జేబు గుంట వైపుకి. మెల్లిగా కొడతాను, నాకు మాత్రం డెబ్బై ఏడు కాదూ?"

ఎండ నడినెత్తికి వచ్చింది. ఇంకా ఎనిమిది గుంటలున్నాయి. పురుషోత్తంగారు ఆకాశం వంక ఒకసారి చూసి, పడుకున్నారు. మొదటి దెబ్బ నడుం మీద పడింది.

"అమ్మా!"

"కొట్టేటప్పుడు మాట్లాడకూడదండి" అని తమ్మిరాజు నోటి మీద వేలు పెట్టాడు.

రెండో దెబ్బకి జేబులో కళ్ళజోడు డబ్బా పటుక్కుమంది. మూడో దెబ్బకి బంతి జేబులోంచి దొర్లి, గడ్డి మీద కాస్త ఆలోచించి, గుంటలో పడింది. కోదండపాణి గంతు వేశాడు. డెబ్బై ఏడేళ్ళ మనిషి, చిన్నపిల్లాడిలా గంతు వేశాడు.

పురుషోత్తంగారు అలా పడుకునే కాయితం, కలం అడిగారు. "ఈ సంఘం వారివంటి నియమపాలన నేనెక్కడా చూడలేదు. నేను వచ్చి చూసినప్పుడు ఈ మైదానం ఎలా ఉందో అలాగే ఉంచవలెను. ఏ మార్పూ చేయరాదు" అని గోదాం సంగతి తేల్చేసి, సంతకం పెట్టి ఇచ్చారు. కోదండపాణికి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ కాయితాన్ని గుండెకి అదుముకుని ఏడ్చాడు.

పురుషోత్తంగారు లేచి జీపు వైపు కదిలారు. తమ్మిరాజు అడ్డం వచ్చాడు. "ఎక్కడికోయ్ బుల్లబ్బాయ్? ఇంకా ఎనిమిది గుంటలున్నాయి!"

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. ఎంతైనా పొద్దుటి నుంచీ వీళ్ళతో ఉన్నారు కదా. "నేను పోయాను! అయిదు నిమిషాలు వెతికి మానేయండి!" అని పొదల్లోకి ఉరికారు. అవతల జీపు బయల్దేరిన చప్పుడు వినబడుతూనే ఉంది. వీళ్ళు మాత్రం నిజాయితీగా అయిదు నిమిషాలూ వెతికి, మానేసి, బదులుగా బుల్లబ్బాయిని తీసుకున్నారు. బుల్లబ్బాయి చాలా సంతోషించాడు.

మైదానం దక్కింది. ముగ్గురూ నీడన కూర్చున్నాక కోదండపాణి ఆ కాయితం మళ్ళీ చదివాడు. అలవాటు కొద్దీ ఇంకోసారి చదివాడు. మొహం పాలిపోయింది.

"ఆయన వచ్చి చూసినప్పుడు మనం ఎక్కడున్నామోయ్?"

"గేటు బయట. దండ పట్టుకుని."

"మరి లోపల ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

అంతే. ముగ్గురూ చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద నడుచుకుంటూ గేటు దాటారు. తాళం పడింది.

మర్నాటి నుంచీ ముగ్గురూ రోజూ కర్రలు పట్టుకుని వచ్చి, కంచె బయట నిలబడి కాపలా కాశారు. మిల్లువాళ్ళు వస్తే కాయితం చూపించి తరిమేశారు. కాకి వాలితే తరిమేశారు. మధ్యాన్నం అన్నం క్యారేజీ తెచ్చిన సుభద్రమ్మ మొగుడు ఒట్టి గాలిలో కర్ర ఊపుకోవడం చూసి, "ఆడుకోవడానికే కదండీ దాన్ని అంత కష్టపడి దక్కించుకున్నారు?" అంది.

"దక్కించుకోవడం వేరే, ఆడుకోవడం వేరే. నీకు ఆఫీసు సంగతులు తెలియవు" అన్నాడు కోదండపాణి. అన్నాడే గానీ, ఆయన కళ్ళు మొదటి గుంట మీది జెండా మీదే ఉన్నాయి. నాకే పాపం అనిపించింది.

నాలుగు రోజులు వాన పడింది. అయిదో రోజు పొద్దున్న తమ్మిరాజు కేక పెట్టాడు. "అధ్యక్షా! గడ్డి పెరిగిపోయిందండీ! ఆయన చూసినప్పుడు ఇంత లేదు!"

చూస్తే జానెడు ఉంది. కోయాలంటే లోపలికి వెళ్ళాలి. లోపలికి వెళితే మార్పు. వెళ్ళకపోతే గడ్డే మార్పు. ముగ్గురూ తలలు పట్టుకుని మధ్యాన్నం దాకా కూర్చున్నారు.

చివరికి ముప్ఫై ఆరేళ్ళ అనుభవం కోదండపాణిని ఆదుకుంది. "తప్పు మనదేనోయ్. ఉత్తరువు వచ్చిందని గడ్డికి మనం తెలియజేశామా? తెలియనివాళ్ళు ఎలా పాటిస్తారు?" అన్నాడు.

ఇంకేముంది, ముగ్గురూ కంచె బయటే అటొకరు, ఇటొకరు, గేటు దగ్గర ఒకరు నిలబడ్డారు. కోదండపాణి కాయితం విప్పి, గొంతు సవరించుకుని, ఒక్కొక్క మాటా విడదీసి గట్టిగా చదివాడు. మిగతా ఇద్దరూ దూరంగా ఉన్న గడ్డికి కూడా వినబడేట్టు ఆ మాటే మళ్ళీ అరిచారు. చదవడం అయ్యాక కోదండపాణి కంచె మీదికి వంగి చూశాడు. గాలికి గడ్డి అంతా ఒక్కసారి తల వంచింది.

"ఒప్పుకుందోయ్!" అన్నాడు.

అయినా అనుమానం తీరక, బుల్లబ్బాయిని పోయి సిరా డబ్బా తెమ్మన్నాడు. గడ్డి వేలిముద్రలు కూడా తీసుకుంటే మంచిదని.