బెల్లం అడిగిన గుర్రం

అనగనగా ఒక రాజ్యం, అమ్మలూ. ఒకప్పుడు చాలా పెద్దది. మన కథ నాటికి నాలుగు వైపులా తరిగిపోయి, పేరు మాత్రమే పెద్దదిగా మిగిలింది.

దానికి ఓబళరాజు రాజు. ఆయన చెల్లెలు కోనమ్మ సరిహద్దులో, కొండమీది కోటలో ఉండేది. శత్రువులొచ్చి ఆ కొండ కింద గుడారాలు వేశారు. కోటలో నీళ్ళు అడుగంటుతున్నాయి. చెల్లెల్ని ఎలాగైనా కాపాడుకోవాలని రాజు తపన.

రాజు కింద ముగ్గురు నాయకులుండేవారు. ఏలుకోమని ఊళ్ళిచ్చినందుకు ఒక్కొక్కరూ ఒక్కో గుర్రపుదండుని పోషించాలి. ఎవరి ఇలవేల్పు పండగనాడు వాళ్ళు ఆ దండుని రాజు ముందు నడిపించాలి. ముందు నడిచే గుర్రానికి రాజు తన చేత్తో బెల్లం పెట్టాలి. తాతలనాటి ఆచారం అది.

ఆ నెలలోనే మూడు పండగలూ వరసగా పడ్డాయి. ముందు మొదటి నాయకుడి పండగొచ్చింది. ఎర్ర జీనులతో గుర్రాలొచ్చాయి. ముందున్న గుర్రం బెదురుతూ బెల్లం తింది.

ఆ తర్వాత రెండో నాయకుడి పండగ. పసుపు జీనులు. ముందున్న గుర్రం తనే మూతి చాచింది.

రాజుకి ధైర్యమొచ్చింది. సేనకంతటికీ పెద్దయిన తిప్పన దళవాయిని పిలిచాడు. "ఒక దండు ఎదురుగా, ఒకటి వెనకగా, ఒకటి కొండ పక్కనున్న ఏటి రేవులో. మూడు వైపులా ఒకేసారి పడదాం" అన్నాడు.

అప్పుడు మూడో నాయకుడి పండగ. నీలం జీనులు. రాజు ఇంకా పళ్ళెంలో చెయ్యి పెట్టనేలేదు, ముందున్న గుర్రం తిన్నగా వచ్చి ఆయన ఉత్తరీయంలో మూతి దూర్చి వెతికింది.

"ఇదేంటి తిప్పనా, నన్నెరిగినట్టే వస్తోందే?"

"తమరు బెల్లం పెట్టడం ఇది మూడోసారేమో ప్రభూ."

రాజు నవ్వలేదు. ముగ్గురు నాయకుల్నీ ఒకే పూట, గుర్రాలకి జీనులు తీసేసి దండులతో రమ్మన్నాడు. పండగ కాని రోజున ఆచారం ఒప్పదని వాళ్ళు గొణిగారు. చివరికి వచ్చారు. తీరా చూస్తే ఉన్నది ఒక్క దండే. జీనుగుడ్డలు మార్చి, ఒకరికొకరు అరువిచ్చుకున్నారు.

"ఆ గోధుమరంగుది నాది బావా."

"మొన్న అరువిచ్చినవాణ్ణి నేను. నీదెలా అయింది?" అని వీధిలోనే కీచులాడుకున్నారు.

రాజు వెళ్ళి దేవుడి ముందు కూర్చున్నాడు. "నరసింహస్వామీ, లేని సేనని నమ్మి బయలుదేరబోయాను. ఆపావు తండ్రీ" అని దణ్ణం పెట్టుకున్నాడు.

ఆ తర్వాత గుర్రాల్ని నాయకుల దగ్గర ఉంచలేదు. అన్నీ దళవాయికి అప్పగించాడు. రౌతులకి తనే జీతమిచ్చాడు.

"ఈ బలంతో కోట నిలవదు ప్రభూ. మనుషుల్ని మాత్రం తెచ్చుకోగలం" అన్నాడు తిప్పన.

అది తాత కట్టిన కోట. రాజు కొండ ఉన్న దిక్కుకేసి చూశాడు. ఆఖరికి, "మనుషుల్నే తీసుకురా" అన్నాడు.

ఉన్న ఒక్క దండూ ఏటి రేవు మీదే పడి దారి తెరిచింది. చంటిపిల్లలూ, ముసలివాళ్ళూ, మేకలూ అందరూ దిగొచ్చారు. అందరికంటే వెనక కోనమ్మ వచ్చింది.

"కోట పోయింది కదా అన్నయ్యా" అంది తలొంచుకుని.

"పోనీలేమ్మా. ముందు కాళ్ళు కడుక్కో, అన్నం తిందాం" అన్నాడు రాజు.

కథేమో కంచి దారి పట్టింది,
నిద్రొచ్చి నీ రెప్పల తలుపు తట్టింది.