పారేసే గాలి

ఇసుక ఏటి పక్క ఊళ్ళో భూపతి దొర తన జీపుకు గాలి మిషను, దానికో సిలిండరు బిగించుకున్నాడు. ఏట్లో దిగేముందు, ఇసుకలో కూరుకుపోకుండా టైర్లలో గాలి తగ్గించి, అవతలి గట్టెక్కాక మళ్ళీ నింపుకుంటాడు.

ఒకనాడు ఏరు దాటి వచ్చిన గురవయ్య టైరుబండి ఒడ్డున ఆగిపోయి ఉంది. ముల్లు దిగిన చక్రానికి అతుకు వేశాడు గాని, నింపడానికి గాలి లేదు. బండిలో కోడలు పురిటినొప్పులు పడుతోంది. ఆసుపత్రి ఇంకా దూరం. అంతలో ఆసుపత్రి వైపునుంచి, ఏరు దాటడానికి దొర జీపు వచ్చింది.

"దొరా, ఈ చక్రానికి కాస్త గాలి పెట్టించండి."

"అడిగినవాడికల్లా పంచడానికి బిగించుకున్నానా? నా సిలిండరు ముట్టుకోకు," అంటూ దొర దిగి, జీపు ముందు టైరు దగ్గర కూర్చుని గాలి వదలసాగాడు.

గురవయ్య తన చక్రానికి తగిలించిన రబ్బరు గొట్టం రెండో కొస పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. "సిలిండరు జోలికి రాను దొరా. మీరు పారేసే ఆ గాలేదో ఇందులోకి పారేయండి."

దొర చెయ్యి ఆగిపోయింది. బండిలోంచి మూలుగు వినబడింది. గాలిని నేలపాలు చెయ్యడానికి ఒప్పిన మనసు మనిషికివ్వడానికి ఒప్పలేదని అతనికే తెలిసింది. వదిలిన గాలి మళ్ళీ నింపి, జీపు వెనక్కి, ఆసుపత్రి వైపు తిప్పాడు.

"అమ్మాయిని ఇందులో ఎక్కించు," అన్నాడు తలెత్తకుండా.

"మీరు చల్లగా ఉండాలి బాబూ," అన్నాడు గురవయ్య.

ఆ దీవెన అందుకోవడానికి దొరకు మొహం చెల్లలేదు.