తొలి చూపు

మాణిక్యప్ప గురువుకు ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని చెప్పేవారు. అది చేసి వచ్చాక ఆ ప్రశ్న మళ్లీ అడిగినవాడు లేడు.

ఆయన శిష్యుడు విరూపాక్షం చెయ్యి తిరిగిన రాతగాడు. పేదవాళ్లకు ఉచితంగా కంటి ఆపరేషన్లు చేయిస్తున్న ఒక దాతకు సన్మానపత్రం రాసి, గురువుకు చదివి వినిపించాడు. దాత ముఖం పున్నమి చంద్రుడట. మూడు పేజీలు! గురువు బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. విరూపాక్షానికి ఒళ్లు మండింది.

"పెట్టే చెయ్యి కొంచెం పేరు కోరుకుంటే తప్పేంది గురువుగారూ? పేదోళ్లకు చూపైతే వస్తున్నది గద!"

గురువు భుజం మీది కండువా తీసి అతని చేతిలో పెట్టారు. "రేపు శిబిరంల ఇది కండ్లకు కట్టుకొని, ఆపరేషనైనోళ్ల పక్కన కూసో. దాత వచ్చి వాళ్ల కట్లు విప్పించినంక నువ్వు సుత విప్పుకో."

ఓస్, ఇంతేనా అనుకున్నాడు విరూపాక్షం.

శిబిరం బడిలో పెట్టారు. పొద్దున్నే విరూపాక్షం గురువు వెంట వచ్చి, కండువా కట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన ఉసేనమ్మ అనే ముసలామె. ఒక కన్ను ఎన్నడో పోయింది, నిన్న కోసి కట్టు కట్టిన రెండో కన్నే దిక్కు. "నా బిడ్డకు పిల్ల పుట్టి ఐదు నెలలాయె సామీ, ఇంక మొకం చూడలే. ఇయ్యాల ఎత్తుకొచ్చింది. పదింటికి మేస్త్రీ లారీల ఇటుక బట్టీలకు పోతున్నరు. మళ్ల వానలకే వచ్చుడు" అంది. కూతురు పక్కనే నిలబడి ఉంది. పిల్ల ఊ కొడుతున్నది విరూపాక్షానికి వినిపిస్తూనే ఉంది.

ఎనిమిదింటికి డాక్టరు వచ్చి కట్లు విప్పొచ్చన్నాడు. శిబిరం కార్యదర్శి అడ్డం పడ్డాడు. "ఆగండి, సారు దారిల ఉన్నరు. కట్టు విప్పంగనే తొలి చూపు సారు మొకం మీదనే పడాలె. ఫొటోలున్నయ్." దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఈయన ఆ బాపతు మనిషి. డాక్టరు గొంతు మళ్లీ వినపడలేదు.

తొమ్మిది దాటింది. రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా ఉసేనమ్మ "వచ్చిండా సామీ?" అని అడుగుతూనే ఉంది. వచ్చింది పాలబండి. తర్వాత బస్సు. కండువా కింద విరూపాక్షం మొహమంతా చెమట పట్టి ఒకటే దురద. విప్పి అవతల పారేద్దామనిపించింది.

కూతురు ఉండబట్టలేక కార్యదర్శి దగ్గరికి పోయింది. "సారూ, మా అవ్వదొక్కదానిది విప్పుండ్రి, మీ కాల్మొక్త."

"ఒక్కరికి విప్పితే అందరడుగుతరు. ఈ ఆపరేషన్లన్నీ ఎవరి పుణ్యమనుకున్నవ్?"

అప్పుడు గురువు గొంతు లేచింది. నాలుగేళ్ల శిష్యరికంలో ఆ గొంతు హెచ్చగా విరూపాక్షం ఎన్నడూ వినలేదు.

"సిగ్గు లేదురా మీకు! ఆమె కన్ను ఆమెదా, మీ సారుదా?"

శిబిరం వాళ్లు ఏం చేశారనుకున్నారు? ఆయనకు కుర్చీ వేశారు. మీరు పెద్దలు, నిలబడకూడదన్నారు. కట్టు మాత్రం విప్పలేదు.

లారీ హారన్ మోగింది. ఉసేనమ్మ పిల్లను ఒళ్లోకి తీసుకుని నుదురూ, ముక్కూ, చెవులూ తడిమింది. "ముక్కు మా ఇంటాయనదే" అంది. హారన్ మళ్లీ మోగింది. కూతురు ఏడుస్తూ పిల్లను లాక్కుని పరిగెత్తింది.

విరూపాక్షం ఇక ఆగలేకపోయాడు. కండువా పీకేసి ఆమె వెనకే ఉరికాడు. ఐదు నిమిషాలు ఆగమని మేస్త్రీని బతిమాలాడు. "బట్టీ సేటు నీ ఐదు నిమిషాలకు ఆగుతడా అయ్యా?" అన్నాడు మేస్త్రీ. సామాన్ల మధ్య నిలబడి, కదులుతున్న లారీలోంచి ఆ తల్లి, బుగ్గన సొట్ట పడేలా నవ్వుతున్న పిల్లను రెండు చేతులా బడి వైపు ఎత్తి పట్టుకుంది. అక్కడ చూసేదెవరని?

దాత ఒంటిగంటకు వచ్చాడు. దండలయ్యాయి, చప్పట్లయ్యాయి. డాక్టరు ఉసేనమ్మ కట్టు విప్పాడు. దాత వంగి, కెమెరా వైపు ఒక కన్ను వేసి, "అవ్వా, కనపడుతున్ననా?" అన్నాడు.

"కనపడుతున్నవ్ దొరా. మీసాలు సుత కనపడుతున్నయ్. సల్లగుండు" అంది. మళ్లీ చప్పట్లు.

అవి ఆగాక ఆమె విరూపాక్షం వైపు తిరిగింది.

"నువ్వు చూసినవ్ గద సామీ. పిల్ల ఎట్లుంది?"

మూడు పేజీలు రాసిన మనిషి ఆ పిల్ల ముఖాన్ని గుర్తు తెచ్చుకోబోయాడు. చివరికి, "నవ్వితే బుగ్గ మీద సొట్ట పడుతది అవ్వా" అన్నాడు.

"ఏ బుగ్గకు?"

ఎంత ఆలోచించినా అతనికి గుర్తుకు రాలేదు.

సన్మానపత్రం చదవమని మైకులో తన పేరు పిలుస్తున్నారు. అతను అటు పోలేదు. బడి గోడ పక్కన నిలబడ్డ గురువు దగ్గరికి వెళ్లి, తలవంచుకుని కండువా చాచాడు.

"దాత రాకముందే తీసినట్టున్నవ్. కట్టు ఎవరు విప్పిన్రు?" అని అడిగారు గురువు.

"నేనే విప్పుకున్న గురువుగారూ."

గురువు కండువా దులిపి భుజాన వేసుకున్నారు.

"అదృష్టవంతునివి. నీకెవ్వరూ దానం చెయ్యలే."