రోజూ ఒక చెంబు

కొండ అవతల ఇంకో చిన్న దర్గా ఉంది. దాన్ని చూసుకునే ముసలాయన పోయాడు. వెళ్ళి నువ్వు చూసుకో అని శిష్యుడు మౌలాలికి ఈ దర్గా పెద్ద బుడన్ సాహెబ్ చెప్పి రెండు నెలలు దాటింది. మౌలాలి ఇంకా ఇక్కడే ఉన్నాడు.

వెళ్ళననలేదు. "మొక్క నిలదొక్కుకోగానే వెళ్తాను హజ్రత్" అంటాడు.

ఆ మొక్క వాళ్ళమ్మ గోరీ మీద ఉంది. ఆ ఊళ్ళో అదొక ఆచారం. మనిషిని మట్టి చేసిన నలభయ్యో రోజు గోరీ తలాపున ఒక బిళ్ళగన్నేరు నాటుతారు. అక్కడ చెట్టు నీడ అనేదే లేదు. పైన ఎండ, కింద ఎర్రమట్టి, రాళ్ళు. ఇంటోళ్ళేమో పనులకని బెంగుళూరు పోతారు. నీళ్ళు పోయడానికి ఎవరూ మిగలరు. ఎవరూ చూడకపోయినా ఏళ్ళ తరబడి పూసే మొక్క కాబట్టి అదే నాటుతారు.

మిగతా గోరీలన్నీ తెల్లగా, గులాబీ రంగుగా పూసి ఉన్నాయి. వాళ్ళమ్మ గోరీ మీది మొక్కకి మాత్రం కింది ఆకులు పసుపుబారి రాలిపోతున్నాయి. ఒక్క మొగ్గ లేదు.

మౌలాలికి ఏమీ అర్థం కాలేదు. పొద్దున నమాజు కాగానే మర్చిపోకుండా ఒక చెంబు పోస్తున్నాడు. తను వెళ్ళిపోతే ఈ చెంబుడు నీళ్ళు పోసేవాళ్ళు కూడా ఉండరు. అదే వాడి భయం.

గేటు దగ్గర సాంబ్రాణి అమ్మే ఇమాంబీ చూసి నవ్వేది. "బతికున్నప్పుడు మీయమ్మకి ఒక్క చెంబుడు నీళ్ళు చేతికిచ్చినావారా? ఇప్పుడు తాగు తాగు అంటాండావు."

సరదాకే అంది. ఆ పూట మౌలాలికి అన్నం దిగలేదు.

నీళ్ళు పోయగానే సాహెబ్ దగ్గరికి వెళ్ళేవాడు.

"నీళ్ళు చాలడం లేదేమో హజ్రత్?"

"చాలకపోతే చస్తుంది."

మర్నాడు, "ఎక్కువైనాయేమో?"

"ఎక్కువైనా చస్తుంది."

"మరి ఎంత పోయాలి?"

"తాగినంత."

"అది ఎంత తాగిందో నాకెట్లా తెలుస్తుంది?"

సాహెబ్ టీ ఊదుకుంటూ దానికీ ఏదో ఒకటి చెప్పేవారు. మొక్క సంగతి ఒక్కటే కాదు. అక్కడ పోయినోళ్ళ పేరున ఫాతెహా నేనే చదవాలా? ఎవరైనా ఏడుస్తూ వస్తే ఏం చెప్పాలి? అసలు నేను పనికొస్తానా?

"వస్తావులే" అనేవారు. మౌలాలికి మధ్యాహ్నందాకా ధైర్యంగా ఉండేది. సాయంత్రానికి మళ్ళీ మామూలే. పొద్దున్నే మళ్ళీ చెంబు, మళ్ళీ అదే ప్రశ్న.

ఒకరోజు ఎండ నడినెత్తిన ఉండగా సాహెబ్ గోరీల్లోకి వచ్చారు. మౌలాలి వాళ్ళమ్మ గోరీ దగ్గర గొంతుక్కూర్చుని, మొక్కని రెండు వేళ్ళతో పట్టుకుని లాగారు. జడలోంచి పువ్వు తీసినట్టు వచ్చేసింది.

"హజ్రత్, అది మా అమ్మది" అన్నాడు మౌలాలి.

సాహెబ్ దాని వేర్లు చూపించారు. చెంబుడు నీళ్ళు ఎంత లోతు తడుపుతాయో అంతవరకే దిగి, అక్కడే వెంట్రుకల్లా చిక్కుపడి ఉన్నాయి. సగం నల్లగా కుళ్ళిపోయాయి.

"ఇప్పుడు దాన్ని పీకు" అన్నారు పక్క గోరీ చూపించి.

అది ఎవరిదో ఎవరికీ తెలీదు. రోడ్డు పక్కన చనిపోయి దొరికిన మనిషి. పేరు చెప్పడానికి కూడా ఎవరూ రాలేదు. దాని మీద బిళ్ళగన్నేరు విరగబూసి ఉంది.

మౌలాలి మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో లాగాడు. అరచేతిలో తోలు లేచింది. మొక్క కదల్లేదు.

"దీనికి నీళ్ళు ఎవరు పోశారు?" అని అడిగాడు.

"నేనే. నాటిన రోజు, మట్టి ఇంక వద్దనేదాకా పోశా. ఆకు వాలినా, లోపలి మట్టి ఎండేదాకా ఆగి ఇంకోసారి పోశా."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత నాకేం పని?"

"ఆకు వాలిపోతుంటే చూస్తా కూర్చున్నారా?"

"కూర్చున్నా" అన్నారు సాహెబ్. "కష్టమేరా."

ఎండ తగ్గేదాకా ఇద్దరూ గోడ నీడన కూర్చున్నారు. తర్వాత సాహెబ్ ఆ పేరులేని మనిషి గోరీ పక్కన గింజ రాలి మొలిచిన ఒక చిన్న మొక్కని మట్టిగడ్డతో సహా తీసి, వాళ్ళమ్మ తలాపున పెట్టారు. బిందె నిండా నీళ్ళు తెచ్చి, సన్నగా, ఆగి ఆగి పోశారు. మట్టి తాగడం ఆపేదాకా పోశారు. ఖాళీ బిందె గోడ మీద బోర్లించారు. మౌలాలి వాడే చెంబు కూడా తీసుకుని దాని పక్కనే బోర్లించారు.

"మరి రేపు?" అన్నాడు మౌలాలి.

"రేపు పొద్దున బస్సుంది."

పొద్దున మౌలాలి సంచి భుజాన వేసుకుని ముందు గోరీ దగ్గరికే వెళ్ళాడు. కొత్త మొక్క తల వేలాడేసింది. చెంబు గోడ మీద అలాగే ఉంది. వాడి చెయ్యి దాని మీదికి పోయింది. కాసేపు అక్కడే ఉండి, వెనక్కి వచ్చింది.

సాహెబ్ టీ తాగుతున్నారు.

"హజ్రత్, అక్కడ నాకేదన్నా తెలీకపోతే ఎవర్ని అడగాలి?"

ఎప్పుడూ వెంటనే చెప్పే మనిషి ఏమీ చెప్పలేదు. టీ పూర్తయింది. కింద రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. మౌలాలి ఇంకా నిలబడే ఉన్నాడు.

"తప్పు నీ ఒక్కడిదే కాదురా" అన్నారు సాహెబ్, గ్లాసు కింద పెట్టి. "నేనూ నీకు రోజూ చెంబుడే పోశా."

ఏమన్నారో మౌలాలికి అర్థం కాలేదు. అర్థం కాకుండానే బస్సెక్కాడు.

గుట్ట మలుపు తిరిగాక ఒక ప్రశ్న వచ్చింది. అలవాటుగా పక్కకి తిరిగాడు. పక్క సీట్లో ఎవరో పెద్దమనిషి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

మౌలాలి మళ్ళీ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. తోలు లేచిన అరచెయ్యి ఇంకా మండుతోంది. ఆ ప్రశ్న ఎవర్నీ అడగలేదు.