పదిహేను రోజుల మిషను

ఆ వీధిలో ఏ బట్ట తెల్లగా ఉందో, ఏది లేదో తేల్చేది నాంచారమ్మ. ఆ పనికి ఆమెను ఎవరూ పెట్టలేదు. ఆమె దండెం మీద ఆరేసిన పంచెల పక్కన ఇంకెవరు ఏది ఆరేసినా మాసినట్టే కనిపించేది, అంతే.

ఇంట్లో ముగ్గురు మగవాళ్ళు. భర్త పాండురంగం బస్సు డిపోలో మెకానిక్. పెద్దకొడుకు రైస్ మిల్లులో, చిన్నవాడు మిఠాయి కొట్టులో పని చేస్తారు. గ్రీజు, తవుడు, నూనె రోజూ సాయంత్రం వాళ్ళ చొక్కాల మీద ఇంటికి వచ్చేవి. పొద్దున ఏడింటికి నాంచారమ్మ బండ దగ్గర నిలబడితే పదకొండు దాటాకే నడుం ఎత్తేది. వేళ్ళు వంకర్లు పోయాయి. పిడికిలి పూర్తిగా మూసుకోదు, పూర్తిగా విచ్చుకోదు. అయినా ఆ పని ఇంకొకరిని ముట్టుకోనిచ్చేది కాదు.

అదే ఊళ్ళో వీరభద్రానికి సామాన్ల కొట్టు ఉంది. అతను కొత్తగా బట్టలుతికే మిషన్లు తెప్పించాడు. ఎవరూ పేరు వినని కంపెనీ. బజారులో దొరికేవాటన్నిటికన్నా చవక. ఆడవాళ్ళు వచ్చి మూత ఎత్తి చూసేవారు, వేలితో తట్టేవారు, "ఉత్త ప్లాస్టిక్కు" అనేవారు. వెళ్ళిపోయేవారు. మర్నాడు మళ్ళీ వచ్చి మళ్ళీ మూత ఎత్తేవారు. ఇంత చవకదాన్ని నమ్మవచ్చునా అన్నది ఎవరికీ తేలలేదు.

వీరభద్రం ఒక మిషను ఆటోలో ఎక్కించుకుని నాంచారమ్మ ఇంటికి వచ్చాడు.

"అమ్మా, పదిహేను రోజులు దీన్ని మీ దగ్గర ఉంచండి. వాడి చూడండి. బాగుంటే బాగుందనండి, లేకపోతే లేదనండి. మీరేమంటే వీధి అదే అంటుంది."

"బాగాలేదంటే?"

"అన్నీ కట్టగట్టి కంపెనీకి తిప్పి పంపేస్తాను."

అంతవరకు నాంచారమ్మను ఎవరూ దేని గురించీ ఏమనుకుంటున్నావని అడగలేదు. పెద్దకొడుక్కి వస్తున్న సంబంధాల విషయంలో కూడా. ఆమె సరేనంది. మిషను ఆటో దిగకముందే అది పనికిరాదని ఆమె మనసులో అనేసుకుంది.

దానికి రెండు తొట్లు. ఒకదాంట్లో బట్టలు ఉతుకుతుంది, పక్కదాంట్లో నీళ్ళు పిండుతుంది. నీళ్ళు మనమే పట్టాలి, మనమే వదలాలి. ఉతికిన బట్టల్ని ఈ తొట్లోంచి తీసి ఆ తొట్లో మనమే వేయాలి.

మొదటి రోజు ఆమె పాండురంగం ఖాకీ చొక్కాలు వేసింది. తీసి చూస్తే కాలర్ల లోపల నల్లచార అలాగే ఉంది. ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. తడి చొక్కా పట్టుకుని వీధిలోకి వెళ్ళి నలుగురికి చూపించింది.

"కాలరు వదల్లేదు చూడండి."

రాత్రి భోజనం దగ్గర పాండురంగం అన్నాడు, "కాలరుకి ముందు కాస్త సబ్బు రాసి వేస్తే?"

రాసి వేసింది. వదిలింది.

మూడో రోజు పిండే తొట్టి తిరుగుతున్నప్పుడు మిషను గడగడా ఊగుతూ గోడ దగ్గర నుంచి గుమ్మం దాకా నడిచింది. ఇక అయిపోయింది అనుకుంది నాంచారమ్మ. పాండురంగం డిపోలో పారేసిన టైరు ముక్కలు నాలుగు కోసి తెచ్చి కాళ్ళ కింద పెట్టాడు. మిషను కదలడం మానేసింది.

ఐదో రోజు పెద్ద దుప్పటి వేసింది. తొట్టిలో ఇరుక్కుని ఉండచుట్టుకుపోయింది. "దుప్పటి పట్టదు" అని ఇంటింటికీ చెప్పి వచ్చింది. ఇది నిజమైన లోపమే. దానికి ఎవరూ విరుగుడు చెప్పలేదు. అయినా ఆమెకు సంతోషం కలగలేదు. దుప్పటి నెలకోసారి ఉతికేదేగా.

అసలు బాధ వేరే ఉంది. ఎనిమిదిన్నరకల్లా పని అయిపోతోంది.

ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా ఏం చేయాలో నాంచారమ్మకు తెలియలేదు. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరింది. ఇత్తడి బిందెలు తోమింది, మర్నాడు కూడా తోమింది. గుమ్మంలో కూర్చుని లేచింది. పెరట్లోకి వెళ్ళి, ఎందుకు వెళ్ళిందో తెలియక తిరిగి వచ్చింది. కాళ్ళకింద నిప్పులు పోసినట్టుగా ఇల్లంతా తిరిగింది.

తొమ్మిదో రోజు బట్టలు తిరుగుతుండగా కరెంటు పోయింది. ఆమె గబగబా తొట్లోంచి బట్టలు లాగి బండ దగ్గరికి పరుగెత్తింది. మొదటి చొక్కా బండ మీద పరిచిందో లేదో కరెంటు వచ్చేసింది. లోపల ఖాళీ తొట్టి తనంతట తాను తిరగడం వినిపించింది. ఆమె సబ్బు బిళ్ళ గోడకేసి కొట్టింది.

పదో రోజు పక్కింటి జమీలా గోడ మీద నుంచి చూసింది. జమీలా, నాంచారమ్మ ఇరవై ఏళ్ళుగా ఆ గోడకి ఇటూ అటూ నిలబడి మాట్లాడుకునేవాళ్ళు. నాంచారమ్మ బండ దగ్గర కూర్చుని చొక్కాలు ఉతుకుతోంది. దండెం సగం ఖాళీగా ఉంది.

"ఏంటక్కా, ఆరేసినవే తీసి ఉతుకుతున్నావు?"

"మురికి సరిగా పోలేదు."

"తెల్లగా మెరుస్తుంటేనూ!" జమీలా నవ్వింది. "హాయిగా కూర్చోరాదా? ఎన్నాళ్ళనుంచో తీరిక లేదు, తీరిక లేదు అంటావు. ఇప్పుడు దొరికిందిగా. ఒకసారి మీ చెల్లెలి ఇంటికి వెళ్ళి రా."

నాంచారమ్మ చేతిలో చొక్కా ఆగింది. తొమ్మిదేళ్ళుగా ఎవరు చెల్లెలి పేరెత్తినా ఆమె ఒకటే జవాబు చెప్పేది: తీరిక ఎక్కడిది? ఆ జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

చెల్లెలి పేరు అలివేలు. బస్సులో గంట దూరంలో ఉంటుంది. మంచాన పడ్డ తల్లిని మూడేళ్ళు తన ఇంట్లో ఉంచుకుని చూసింది. నాంచారమ్మ పండక్కో పబ్బానికో వెళ్ళి, సాయంత్రం బస్సుకి తిరిగి వచ్చేసేది. తొమ్మిదేళ్ళ కిందట ఒకరోజు పొద్దున ఎనిమిదింటికి అలివేలు ఫోన్ చేసింది. "అమ్మకి ఆయాసంగా ఉంది. వెంటనే రా." నాంచారమ్మ, "బట్టలు నానబెట్టేశానే. ఉతికేసి పన్నెండింటి బస్సుకి వస్తాను" అంది. ఆమె వెళ్ళేసరికి తల్లి పోయింది. గుమ్మంలో అలివేలు ఆమెను ఎగాదిగా చూసి ఒక్కటే మాట అడిగింది.

"బట్టలన్నీ ఆరాయా అక్కా?"

ఆ తరవాత అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకోలేదు. నాంచారమ్మ బట్టలు అంతకు ముందుకన్నా తెల్లగా ఉతకడం మొదలుపెట్టింది. అంత పెద్ద పని అది. అంత పని ఉన్న మనిషి వదిలిపెట్టి ఎలా రాగలదు? వీధిలో ఎవరిని అడిగినా ఒప్పుకునేవారు. ఇప్పుడు ఒక చవక ప్లాస్టిక్ డబ్బా వచ్చి ఆ పనిని ఎనిమిదిన్నరకల్లా ముగించేసి మూత తెరుచుకుని కూర్చుంటోంది.

"దీన్ని తీసుకుపొమ్మని చెప్పండి" అంది ఆ సాయంత్రం భర్తతో. "ఇది నాకొద్దు."

పాండురంగం చేతులు కడుక్కుంటున్నాడు. "ఏం చెడింది?"

"ఏమీ చెడలేదు."

"మరి?"

అతను తువ్వాలుతో చేతులు తుడుచుకుని ఆమె వేళ్ళ వంక చూశాడు. పది రోజుల్లో వాటి వాపు కాస్త తగ్గింది. "ఇంకా ఐదు రోజులుంది కదా" అన్నాడు. "చివరిదాకా చూడు."

పన్నెండో రోజు పొద్దున ఎనిమిదిన్నరకి బట్టలన్నీ దండెం మీద ఉన్నాయి. నాంచారమ్మ బియ్యం చేట తీసింది. పక్కన పెట్టేసింది. చీర మార్చుకుంది, ఇంటికి తాళం వేసింది. బస్టాండుకి నడుస్తూ రెండుసార్లు వెనక్కి తిరిగింది. ఎవరైనా పిలిస్తే బాగుండుననిపించింది. ఎవరూ పిలవలేదు.

అలివేలు అరుగు మీద కుట్టు మిషను ముందు కూర్చుని జాకెట్టు కుడుతోంది. ఆమె జుట్టు బాగా నెరిసిపోయింది. తలెత్తి చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. కాలు మాత్రం తొక్కుతూనే ఉంది.

"కూర్చో" అంది. "ఇంత పొద్దున్నే వచ్చావు. బట్టలు లేవా?"

"మిషను వచ్చింది."

"మంచిదేనా?"

"ఇంకా తేల్చలేదు."

సూది టకటకా నడుస్తోంది. నాంచారమ్మ అరుగు అంచున కూర్చుని, వెంటనే లేచి, మళ్ళీ కూర్చుంది. దారి పొడుగునా ఏవేవో మాటలు కూడబెట్టుకుంది. ఒక్కటీ గుర్తు రాలేదు.

"అలివేలూ, ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను."

"ఏ అబద్ధం?"

"బట్టలు నానబెట్టానని. నానబెట్టలేదే. బకెట్టు ఖాళీగా ఉంది. నువ్వు ఫోన్ పెట్టేశాక నీళ్ళు పట్టి నానబెట్టాను." "అమ్మ పోతుంటే చూడాలంటే భయం వేసింది. పని ఉందన్నాను."

అలివేలు కాలు ఆగింది. చక్రం రెండుచుట్లు ఊరికే తిరిగి నిలిచిపోయింది. ఆమె తలెత్తకుండా జాకెట్టు గుడ్డను వేళ్ళతో సరిచేసింది.

"నేనూ గదిలో లేను అక్కా" అంది చివరికి.

"ఎక్కడున్నావు?"

"ఇక్కడే. ఇప్పుడు నువ్వు కూర్చున్నచోట. లోపల్నుంచి ఆయాసం వినిపిస్తోంది. మూడేళ్ళు ఎత్తాను, దింపాను, కడిగాను. ఆ పూట మాత్రం గడప దాటలేకపోయాను. నువ్వు వస్తే ఇద్దరం కలిసి లోపలికి వెళదామనుకున్నాను. నువ్వొచ్చే బస్సు ఇంకా రాకముందే చప్పుడు ఆగిపోయింది."

"అయితే అమ్మ దగ్గర..."

"ఎవరూ లేరు."

వీధిలో ఉల్లిపాయల బండి కేకేసుకుంటూ వెళ్ళింది. తరవాత అలివేలు లేచింది. తల్లి పడుకున్న గదిని ఆమె గుడ్డ మూటలు పడేయడానికి వాడుతోంది. మూటలు విసరడం తప్ప తొమ్మిదేళ్ళలో ఆ గదిలో కూర్చున్నది లేదు. తలుపు తోసింది. నాంచారమ్మ ఆమె వెనకే వెళ్ళింది. ఇద్దరూ మంచం మీది మూటలు తీసి కింద పెట్టారు. బిగుసుకుపోయిన కిటికీ రెక్కను ఇద్దరూ కలిసి తోస్తే తెరుచుకుంది. మంచానికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు కూర్చున్నారు. మధ్యలో ఒక మనిషి పడుకునేంత చోటు వదిలారు.

నాంచారమ్మ చీకటి పడకముందే ఇంటికి వచ్చింది. ఎక్కడికి వెళ్ళావని పాండురంగం అడిగాడు. చెప్పింది.

పదిహేనో రోజు సాయంత్రం వీరభద్రం వచ్చాడు. వీధిలో ఆడవాళ్ళంతా గుమ్మం ముందు పోగయ్యారు. జమీలా కూడా కొంగు సర్దుకుంటూ వచ్చి అందరికన్నా వెనక నిలబడింది.

"చెప్పండమ్మా" అన్నాడు వీరభద్రం. "తీసుకోవచ్చునా?"

నాంచారమ్మ చూసింది చూసినట్టు చెప్పింది. "కాలర్లకి ముందు సబ్బు రాయాలి. కాళ్ళ కింద ఏదైనా మెత్తటిది పెట్టకపోతే నడుస్తుంది. దుప్పట్లు పట్టవు. దగ్గర నిలబడి నీళ్ళు పట్టాలి, వదలాలి. ఎన్నేళ్ళు వస్తుందో నాకు తెలియదు, పదిహేను రోజులు వచ్చింది. బట్టలు నా చేత్తో ఉతికినంత తెల్లగా రావు. ఎవరూ తప్పుపట్టలేనంత తెల్లగా మాత్రం వస్తాయి."

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇంకొక్కటుంది" అంది నాంచారమ్మ. "పని తొందరగా అయిపోతుంది. అది ముందే తెలుసుకుని కొనుక్కోండి."

"అది మంచిదేగా అమ్మా?" వీరభద్రం తికమకపడ్డాడు. "మీరు కొనమంటున్నారా, వద్దంటున్నారా?"

"నేను ఉంచుకుంటున్నాను. వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకోవాలి."

ఆ వారంలో వీధిలో నలుగురు మిషను తీసుకున్నారు. జమీలా తీసుకోలేదు. ఆమె మొగుడు కొనిపెడతానన్నాడు, పెట్టడానికి పెరట్లో చోటు కూడా ఉంది. అయినా వద్దంది. గోడ మీద నుంచి నాంచారమ్మ ఎందుకని అడిగింది.

జమీలా బకెట్లోంచి తడి బట్ట ఒకటి తీసి, దాన్ని మెల్లగా, చాలా మెల్లగా పిండుతూ అంది:

"పని తొందరగా అయిపోతుందన్నావుగా. నాకింకా అంత ధైర్యం రాలేదక్కా."