నగారా, కర్రలు, గొంతు

అనగనగా, మా అమ్మమ్మకి అమ్మమ్మ ఉయ్యాల్లో ఊగుతున్న కాలాన, కలువపురమనే రాజ్యం ఉండేది. దాన్నేలే గజకేసరి మహారాజు మీసాలు ఎంత పొడుగంటే, వాటిని పక్క రాజ్యంలో ఆరేసుకునేవాడు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. దండోరా పడితేనే రాజు మాట ఆజ్ఞ అవుతుంది. నగారా కుమ్మరి గంగన్న ఇంట ఉంటుంది. కర్రలు వడ్రంగి వీరయ్య ఇంట ఉంటాయి. చాటే గొంతు పాలమ్మే పుల్లమ్మది. ముగ్గురూ ఒప్పుకుంటేనే దండోరా.

ఒక ఎండాకాలం రాజుకి తామరకొలను మీద మనసైంది.

"పెద్దచెరువు తూములు మూసేయండి. నీళ్ళన్నీ నా కొలనుకే" అన్నాడు.

పొలాల్లో వరి పొట్ట మీదుంది, కంకి ఇంకా బయటికి రాలేదు. నీళ్ళాగితే ఊరంతా గడ్డి తినాల్సిందే.

భటులు ముందు గంగన్నకి కత్తి చూపించారు. పాపం, నగారా దొర్లించి ఇచ్చేశాడు.

తరవాత వీరయ్యకి పట్టుపంచె చూపించారు. "నేనిస్తే మాత్రం ఏమైంది, చాటాల్సింది పుల్లమ్మ కదా" అనుకుని కర్రలిచ్చేశాడు.

పుల్లమ్మ గుమ్మంలోకి రాజే వచ్చాడు.

"ఏమే, చాటుతావా, ఊరొదిలి పోతావా?"

చంకలో చంటిబిడ్డ. పోతే ఎక్కడికి పోతుంది? ఆమె కాళ్ళు వణికాయి. ఆ వణుకుకి ఇంటి పెంకులు రాలాయి, గేదె పొదుగులోనే పాలు పెరుగయ్యాయి.

"చాటితే అసలు ఊరే ఉండదు ప్రభూ. నా గొంతు ఇవ్వను."

"నీ గొంతెవరిక్కావాలి? నాకు లేదా?"

రాజు బురుజెక్కి తనే నగారా మోగించాడు, తనే అరిచాడు. ఏడూళ్ళ కాకులు లేచిపోయాయి. జనం తూము వైపు చూశారు.

తూము కాపరి పోలయ్య తలుపు మీద చెయ్యి వేశాడు. వీపున భటుడి బల్లెం గుచ్చుకుంటోంది. అయినా చెయ్యి కదల్లేదు.

"నగారా విన్నాను. పుల్లమ్మ గొంతేది?" అన్నాడు.

గంగన్నకి సిగ్గేసింది. "ఆ నగారా నేను మనసారా ఇవ్వలేదు" అన్నాడు.

వీరయ్య పట్టుపంచె అక్కడికక్కడే విప్పి, గోచీతో నిలబడ్డాడు. "నా కర్రలు నాకిచ్చెయ్యండి."

బల్లెం పట్టిన భటుడి పొలమూ ఆ చెరువు కిందే. మెల్లగా బల్లెం దించి, బురుజు మీంచి నగారా, కర్రలు తెచ్చి వాళ్ళ ముందు పెట్టాడు.

జనానికి ధైర్యమొచ్చింది. "రాజుని తరిమేద్దాం, చాటు పుల్లమ్మా" అన్నారు. కోపంతో ఉందేమో, పుల్లమ్మ నోరు తెరిచింది.

గంగన్న నగారాకి అడ్డం నిలబడ్డాడు. "ఆగవే తల్లీ. ఆయన మాటా వినాలి. అందాకా ఇది మోగదు."

పుల్లమ్మ కాసేపు అతన్ని గుర్రుగా చూసింది. తరవాత తలూపింది. ముగ్గురూ కలిసి ఒక్క దండోరా వేశారు: రాజుగారు చెరువుగట్టు మీదికొచ్చి జవాబు చెప్పాలి.

రాజు వచ్చాడు. పుల్లమ్మ అతని చేతిలో వరిపొట్ట ఒకటి పెట్టింది. చీల్చి చూశాడు. లోపల గింజ ఇంకా పాలు కూడా పోసుకోలేదు.

"తప్పయింది" అన్నాడు రాజు. మీసాలు కిందికి వాలి చెరువులో తడిశాయి. నీళ్ళు పొలాలకి పారాయి. నగారా, కర్రలు ఎవరివి వాళ్ళింటికి చేరాయి.

అందుకే పిల్లలూ, అధికారం ఒక్కరి గుప్పిట్లో ఉండకూడదు. పంచుకున్న చేతులు ఒకదాన్నొకటి ఆపగలిగితేనే, రాజైనా జవాబు చెప్పి తీరతాడు.