మొరటు చేతుల గాజుల గవరయ్య

"గవరయ్యా! ఓ గవరయ్యా!" అని కేకేసిందర్రా నాంచారి, రోకలి చేత్తో అలాగే పట్టుకుని.

వీధి చివరిదాకా వెళ్ళిపోయిన గవరయ్య ఉలిక్కిపడి ఆగాడు. అమ్మమ్మేమిటి, అనగనగా అనకుండా కేకతో మొదలెట్టింది అనుకుంటున్నారా? ఆ కేక లేకపోతే ఈ కథే లేదు మరి. సరే, అనగనగా ఒక ఊళ్ళో అనే అనుకోండి. ఆ ఊళ్ళో అంతవరకూ అతన్ని పేరుపెట్టి పిలిచిన మనిషి లేదు.

గవరయ్య గాజులమ్ముకునేవాడు. భుజాన తాళ్ళకి గుత్తులుగా గుచ్చిన గాజుల మలారం, నెత్తిన గంప. ఆ గంపలో లేనిది లేదు. అందుకే అతని కేక ఇంత పొడుగు: "గాజులో గాజులు! గాజులేసుకున్నాక అద్దాలో, అద్దం చూశాక దువ్వెనలో, దువ్వితే పేలుంటే పేలమందులో, మందు కంట్లో పడితే కంటిమందులో, కన్ను తగ్గకపోతే మంత్రాలో, మంత్రం పారకపోతే జాతకాలో, జాతకం కుదిరితే పెళ్ళి సంబంధాలో!"

ఈ కేక అయ్యేసరికి వీధి అయిపోయేది. మొదటి ఇళ్ళవాళ్ళు గాజులబ్బీ అనేవాళ్ళు, మధ్య ఇళ్ళవాళ్ళు పేలమందబ్బీ అనేవాళ్ళు, చివరివాళ్ళు సంబంధాలబ్బీ అనేవాళ్ళు. ఎవరేమడిగినా గవరయ్య ఒకటే మాట, "ఓ, నాకొచ్చు!" కరణంగారికి కుడిపక్క పన్ను నొప్పంటే నాకొచ్చు అని ఎడమపక్క పన్ను పీకాడు. మునసబుగారి అత్తకి కంటిమందనుకుని పేలమందు వేశాడు. పాపం ఆవిడకి కళ్ళు మసకేసి, కోడల్ని కూతురనుకుని ఒళ్ళో పెట్టుకుని ముద్దుచేసిందిట. ఊరంతా తిట్టిపోసినా, ఆ కోడలు మాత్రం గవరయ్య చల్లగా ఉండాలంది.

ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, లేకపోతే నాకే నిద్రొస్తుంది.

ఇక నాంచారి. వడ్లు దంచే పిల్ల. కళ్ళు కలువలే గానీ చేతులు మాత్రం రోకలి పట్టి పట్టి కాయలు కాసి, కణుపులు లావెక్కి, ఇంత మొరటుగా ఉండేవి. గాజులవాళ్ళు ఆ చెయ్యి చూసి మొహం తిప్పుకునేవాళ్ళు. "కంసాలి దగ్గరికెళ్ళి కడియాలు కొట్టించుకోవమ్మా" అని వెక్కిరించిపోయేవాళ్ళు. మరి గవరయ్య పేరు ఆ పిల్లకెలా తెలిసిందంటారా? "ఒరే గవరయ్యా, ఈ పూట కూడా గంజేనట్రా" అని తనలో తాను గొణుక్కుంటూ పోతుంటే విందిట.

ఆ కేక విని ఆగిన గవరయ్య వెనక్కొచ్చి, నాంచారి వాళ్ళ అరుగు మీద కూర్చుని, గూటిలోంచి జారిన పిచ్చుకపిల్లని ఎత్తినట్టు ఆ చెయ్యి అందుకున్నాడు. ఇవాళ కూరేంటని అడిగాడు. గోంగూరంది. వెల్లుల్లి వేశావా అన్నాడు. వేశానంది, పులుపెక్కువైందంది, మా నాన్న మూతి ముడిచాడంది. ఆ పిల్ల కూర సంగతి చెబుతూనే ఉంది, అతను బొటనవేలి మొదలు మెల్లగా నొక్కి, కణుపులు ఒకదాని చాటున ఒకటి సర్ది, గాజు వెనక గాజు ఎక్కించేశాడు. చూసుకుంటే రెండు చేతులూ వరిచేలల్లే పచ్చగా ఉన్నాయి. ఒక్క గాటు లేదు.

నాంచారికి చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించలేదు. కానీ నోరు ఊరుకోదుగా, "ఇంత పనితనం చేతుల్లో పెట్టుకుని కరణంగారి పంటి జోలి నీకెందుకయ్యా?" అంది.

"అన్నీ వచ్చంటేనే కదా, ఏదో ఒకటి అమ్ముడవుతుంది."

"అన్నీ అమ్మేవాణ్ణి దేనికని గుర్తుపెట్టుకుంటారు? మెత్తటి చేతులకి ఊరినిండా గాజులవాళ్ళే. మా చేతుల్నెవరూ ముట్టుకోరు. నువ్వు మా చేతుల కోసమే కేకెయ్యి. ఇంకేదడిగినా రాదని చెప్పు."

"ఆ మాట నా నోట పలకదే!"

"పలుకుతుంది. అను. రా... దు."

బళ్ళో పిల్లాడల్లే రాదు, రాదు అని వల్లె వేయించి మరీ పంపింది. మర్నాడే గవరయ్య గంప అటకెక్కించి, మలారమొక్కటే భుజాన వేసుకుని బయల్దేరాడు. కొత్త కేక ఇంతే: "మొరటు చేతులకి గాజులో! గాటు పడితే గాజులు ఊరికేనో!"

మెత్తటి చేతులవాళ్ళు నవ్వారు. మొరటు చేతులవాళ్ళు సిగ్గుపడి తలుపుచాటున నిలబడ్డారు. గవరయ్య కడుపు మాడింది. ఒకావిడ పేలమందుందా అని అడిగితే, నాలిక చివరిదాకా వచ్చిందర్రా నాకొచ్చు అని! కళ్ళు గట్టిగా మూసుకుని, "అది నాకు రాదు తల్లీ" అనేసి, వెనక్కి చూడకుండా నడిచిపోయాడు.

అలా ఎన్నాళ్ళు గడిచాయో. నాంచారి చేతులు చూసి నాట్లేసే ఆవిడ పిలిచింది. నాట్లేసే ఆవిడ బట్టలుతికే ఆవిడకి చెప్పింది, బట్టలుతికే ఆవిడ కుండలు చేసే ఆవిడకి చెప్పింది, కుండలు చేసే ఆవిడ సంతకొచ్చిన పదూళ్ళకీ చెప్పింది. ఇక ఎక్కడ చూసినా, మొరటు చేతుల గవరయ్య వచ్చాడా, మొరటు చేతుల గవరయ్య ఏడీ! కేక వెయ్యకుండానే తలుపులు తెరుచుకునేవి.

ఒక్కటే దిగులు. అందరి చేతులకీ నిలిచే గాజులు నాంచారి చేతికి నిలవడంలేదు. సంత సంతకీ పిలుస్తుంది. మొన్నేసినవి ఏమయ్యాయంటే, పోయాయని తలొంచుకుంటుంది. తన పనిలో లోపమేదో ఉందని గవరయ్య కుమిలిపోయేవాడు. కానీ ఆ వీధి మళ్ళేసరికి నడక పరుగైపోయేది. ఎందుకో ఆ మొద్దుకి తెలిస్తేగా!

ఇలా ఉండగా ఆ దేశపు రాణికి పట్టాభిషేకం వచ్చింది. గుర్రం కళ్ళెం పట్టి, కత్తి పట్టి, ఆవిడ చేతులూ మొరటే. ఆస్థానం గాజులాయన ఎక్కించబోయిన ప్రతి గాజూ పుటుక్కు పుటుక్కు. బట్టలుతికే ఆవిడ నోట విని రాణి గవరయ్యకి కబురంపింది. వీధి వీధంతా అతని వెంట కోటకి కదిలింది, అందరి వెనకాల నాంచారి.

గవరయ్య చెయ్యి చాచాడో లేదో, ఆస్థానం గాజులాయన మీసం తడుముకుంటూ అడ్డొచ్చాడు. "వీడేసిన గాజులు వారం నిలవవు తల్లీ. వడ్లు దంచే నాంచారినడగండి, సంత సంతకీ కొత్తవే. సింహాసనం ఎక్కే వేళ మీ చేతి గాజు చిట్లితే శుభమా?" అన్నాడు.

రాణి చెయ్యి వెనక్కి తీసుకుంది. నిజమేనా అని అడిగింది. బొంకితే బొంకొచ్చు. గవరయ్య బొంకలేదు. "నిజమే తల్లీ. ఎందుకో నాకు తెలీదు" అన్నాడు. ఇన్నాళ్ళ పేరూ మట్టిలో కలిసిందనీ, రేపట్నించి మళ్ళీ పేలమందేననీ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

అప్పుడు వెనక నించి నాంచారి జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

ఏడవకండర్రా. రాణి మళ్ళీ చెయ్యి చాచింది, గాజులేయించుకుంది, వాళ్ళిద్దరి పెళ్ళి తనే చేయించింది, బూరెలు మిగిలిపోయాయి కూడాను. వచ్చిన పని గట్టిగా పట్టుకోవాలి, రానిది రాదని చెప్పెయ్యాలి, అప్పుడు పేరు వెతుక్కుంటూ వస్తుంది, గుర్తుపెట్టుకోండి. ఇంక నాంచారి అన్న మాటొక్కటే మిగిలింది. అది వినగానే కథ కంచి బండెక్కేస్తుంది, మీరు దుప్పట్లో దూరెయ్యాలి.

సభంతా చూస్తుండగా, మొహం ఎర్రగా చేసుకుని ఆ పిల్ల ఇలా అంది: "ఒక్క గాజూ చిట్లలేదు తల్లీ. అన్నీ మా వడ్లగాదెలో దాచాను. ఆముదం రాసుకుని, పళ్ళు బిగబట్టి, ఒక్కొక్కటీ నేనే ఊడదీసుకున్నాను. చేతినిండా గాజులుంటే ఈయన మా అరుగెక్కడు కదా. ఈయనంటే నాకిష్టం!"